హైదరాబాద్‌లో ఇంటింటి సర్వే, ఆర్థిక పరిశోధన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఏ డిసర్టేషన్‌కు, పీహెచ్‌డీ మొదటి రెండేళ్లకు, పరిశోధన పత్రాల మీద వార్తలు రాసేవాళ్లకు పనికొచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. సిద్ధాంతం తక్కువ, గుమ్మం దగ్గరి పని ఎక్కువ. పత్రంలో ఏడో పట్టికలో కనిపించే అంకె నిజానికి ఏదో ఒక గడప దగ్గర, ఏదో ఒక ప్రశ్న అడిగిన తీరులో పుడుతుంది. తర్వాత ఎంత గొప్ప లెక్క కట్టినా అక్కడ జరిగిన తప్పు పోదు.

హైదరాబాద్ మైక్రోఫైనాన్స్ అధ్యయనం అని అందరూ అంటారు. అందులో అసలు ఏం చేశారు?

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, రేచల్ గ్లెనర్‌స్టర్, సింథియా కిన్నన్ చేసిన పని ఇది. స్పందన అనే మైక్రోఫైనాన్స్ సంస్థ (పేదలకు చిన్న చిన్న అప్పులిచ్చేది) నగరంలో కొత్త శాఖలు తెరవాలనుకున్నప్పుడు 104 బస్తీలను జతలుగా కట్టి, ఒక్కో జతలో ఒకదాన్ని లాటరీ పద్ధతిలో ఎంచారు. 52 బస్తీల్లో ముందుగా శాఖలు వచ్చాయి, మిగతా 52 చోట్ల రాలేదు. అప్పు మహిళల గ్రూపులకు ఇచ్చేవారు. మొదటి అప్పు 10,000 రూపాయలు, 50 వారాల్లో తీర్చాలి, వడ్డీ 12 శాతం ఫ్లాట్. అసలు తగ్గుతూ పోతున్నా వడ్డీ మొత్తం 10,000 మీదే కట్టాలి కాబట్టి అది అసలు లెక్కలో ఏడాదికి 24 శాతం దాకా పడుతుంది.

శాఖలు తెరిచిన 15 నుంచి 18 నెలల తర్వాత 6,863 ఇళ్లలో సర్వే చేశారు. శాఖలు వచ్చిన బస్తీల్లో 26.7 శాతం కుటుంబాలకు ఏదో ఒక మైక్రోఫైనాన్స్ అప్పు ఉంది, రాని చోట 18.3 శాతానికి ఉంది. తేడా 8.4 శాతం పాయింట్లు. మన్నికైన వస్తువుల మీద ఖర్చు పెరిగింది. టీ, పాన్, పొగాకు, పండుగల లాంటి వాటి మీద తగ్గింది. మొత్తం ఇంటి ఖర్చులో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. చదువు, ఆరోగ్యం, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటు, వీటిలోనూ లేదు. వ్యాపారాల లాభం పెరిగింది అప్పటికే బాగా నడుస్తున్న కొద్దిమందికే.

సర్వేలు 2010కల్లా అయిపోయినా పత్రం జర్నల్‌లో వచ్చింది 2015 జనవరిలో, బోస్నియా, ఇథియోపియా, మెక్సికో, మంగోలియా, మొరాకో అధ్యయనాలతో కలిపి. ‘తాజా పరిశోధన’ అన్న మాట ఎక్కడ చూసినా సర్వే ఏ ఏడాదిదో ముందు వెతకాలి.

అంటే మైక్రోఫైనాన్స్ వల్ల ఉపయోగం లేదని తేలినట్టేనా?

కాదు. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

పోల్చింది అప్పు తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ కాదు, బస్తీని బస్తీతో. శాఖ వచ్చినందువల్ల కొత్తగా అప్పు తీసుకున్నది వంద ఇళ్లలో ఎనిమిదో తొమ్మిదో. బస్తీ సగటున ఇంటికి 100 రూపాయల తేడా కనిపించిందనుకుందాం. ప్రభావమంతా ఆ కొత్త అప్పుల ద్వారానే వచ్చిందని ఒప్పుకుంటే, అప్పు తీసుకున్న ఇంటికి 100ని 0.084తో భాగించాలి. సుమారు 1,190 రూపాయలు వస్తుంది. అదే లెక్కన బస్తీ సగటులో దాగిన అనిశ్చితి కూడా పన్నెండు రెట్లవుతుంది. కాబట్టి ‘మార్పు కనపడలేదు’ అంటే ‘మార్పు లేదని రుజువైంది’ అని కాదు. పట్టికలో స్టాండర్డ్ ఎర్రర్ (అంచనా అటూ ఇటూ ఎంత ఊగవచ్చో చెప్పే అంకె) చూసి, ఎంత పెద్ద మార్పును తోసిపుచ్చగలమో లెక్క వేసుకోవాలి.

ఇంకొకటి, ఎవరు లెక్కలో లేరు? మొదట 120 ప్రాంతాలు ఎంచి, వలస కూలీలు ఎక్కువున్నారని లాటరీకి ముందే 16 తీసేశారు. ఒకే చోట మూడేళ్లుగా ఉంటున్నవాళ్లకే అప్పిచ్చే నియమం ఉండటమే కారణం. సర్వేకి ఎంచిన ఇళ్లకూ మూడేళ్ల నివాసం షరతే. మేస్త్రీ వెంట నిరుడు నగరానికి వచ్చిన పాలమూరు కుటుంబం గురించి ఈ పత్రం ఏమీ చెప్పదు, చెబుతానని అననూ లేదు.

2010 అక్టోబర్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తేవడంతో మైక్రోఫైనాన్స్ ఇక్కడ దాదాపు ఆగిపోయింది. ఆ కుదుపునే వాడుకుని ఎమిలీ బ్రెజా, కిన్నన్ మరో పని చేశారు. ఇక్కడ డబ్బు ఇరుక్కుపోయిన సంస్థలు వేరే రాష్ట్రాల జిల్లాల్లో అప్పులు తగ్గించాయి కదా, అక్కడేమైంది? కూలి రేట్లు తగ్గాయి, ఇంటి ఖర్చు తగ్గింది. బస్తీ బస్తీగా చూస్తే చిన్నగా కనిపించిన అప్పు, ప్రాంతం మొత్తం నుంచి ఒక్కసారిగా తీసేస్తే పెద్దగా కనిపించింది. రెండు పత్రాలూ అడిగిన ప్రశ్నలు వేరు కాబట్టి రెండూ నిజం కావచ్చు.

‘శాతం’, ‘శాతం పాయింట్లు’ తేడా అంత ముఖ్యమా?

2018లో తెలంగాణలో రైతుబంధు చెక్కుల పంపిణీ మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్, జెఫ్రీ వీవర్ చేసిన ప్రయోగం చూడండి. లాటరీలో వచ్చిన ప్రాంతాల అధికారులకు ‘చెక్కు అందిందా అని రైతులకు ఫోన్ చేసి అడుగుతాం’ అని ముందే చెప్పారు. చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది.

దీన్ని ‘అందుకున్న రైతులు 7.8 శాతం పెరిగారు’ అని రాస్తే తప్పు. లెక్క కోసం, వందలో 20 మందికి అందలేదనుకోండి. 7.8 శాతం తగ్గితే 18.4 అవుతుంది. అందినవాళ్లు 80 నుంచి 81.6కి పెరిగారు, అంతే. చిన్నదిగా కనిపిస్తుంది గానీ పథకం 57 లక్షల రైతులది, ఖర్చు ఫోన్ కాల్స్‌కే.

సొంతంగా సర్వే చేయాలి. ఎన్ని ఇళ్లు?

అందరికీ తెలిసిన 384 అనే అంకె దగ్గర ఆగిపోకండి. ఏదైనా ఒక నిష్పత్తిని అటూ ఇటూ 5 శాతం పాయింట్ల తేడాతో, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి కావలసినది 384. అదీ నగరంలోని ఇళ్లన్నిటి జాబితా లోంచి చీటీలు తీసినట్టు తీస్తేనే. అలాంటి జాబితా ఎవరి దగ్గరా లేదు. కొన్ని బస్తీలు ఎంచి ఒక్కో చోట కొన్ని ఇళ్లు తీసుకుంటాం. ఒకే బస్తీ వాళ్లు ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి పక్కింటి జవాబు కొత్త సమాచారం తక్కువ ఇస్తుంది.

ఆ పోలికను 0.05 అనుకుందాం (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ అచ్చం ఒకటే). బస్తీకి 20 ఇళ్లు తీసుకుంటే పెంచాల్సిన గుణకం 1 + 19 × 0.05, అంటే 1.95. 384ను దానితో గుణిస్తే 749 ఇళ్లు, 38 బస్తీలు. బస్తీకి 10 ఇళ్లే అయితే గుణకం 1.45, మొత్తం 557 ఇళ్లు, 56 బస్తీలు. ఇళ్లు తగ్గాయి, బస్సు చార్జీలు పెరిగాయి. డబ్బు ఏదానికి ఎక్కువవుతుందో చూసుకుని ఎంచుకోవాలి. ఆటో ఖర్చు లెక్క వేయకుండా ‘బస్తీకి 5 ఇళ్లు చాలు’ అని రాసిన ప్రతిపాదనలు సగంలో ఆగిపోతుంటాయి.

ప్రయోగమైతే లెక్క వేరు. లాటరీ బస్తీ స్థాయిలో తీసినప్పుడు బస్తీల సంఖ్యే అసలు బలం. ఆరు బస్తీల్లో వెయ్యేసి ఇళ్లు చేసినా మీ దగ్గరున్నది దాదాపు ఆరు పరిశీలనలే.

ఇళ్ల జాబితా లేదంటున్నారు. మరి ఎలా ఎంచాలి?

2011 జనాభా లెక్కల తర్వాత కొత్త లెక్కలు రాలేదు, వచ్చేవాటి రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. 2011 బ్లాకుల మ్యాపు పట్టుకుని కొండాపూర్ వైపు వెళితే ఖాళీ స్థలం ఉండాల్సిన చోట పాతిక అంతస్తుల టవర్లు ఉంటాయి. కాబట్టి ఎంచిన ప్రతి ప్రాంతంలోనూ లిస్టింగ్, అంటే ఇళ్ల జాబితా రాసుకోవడం, మీరే చేయాలి. ఇద్దరు మనుషులు, ఒక రోజు, 150 నుంచి 200 ఇళ్లు.

పాత ఇళ్ల నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అన్న వరుసలో గీతలతో, ఆ పైన బై నంబర్లతో ఉంటాయి. నంబరు పక్కన నంబరు ఇల్లుగా పక్కనే ఉండాలనేం లేదు. నంబరు వరుసను నమ్మకండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి కుడిచేతి గోడ వెంట నడుస్తూ గుమ్మాలు లెక్కపెట్టండి. తప్పిపోయేవి ఎప్పుడూ అవే: మేడ మీది పెంట్‌హౌస్, వెనక సందులోంచి దారి ఉన్న పోర్షన్, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. ఒకే గేటు వెనక ఎన్ని పొయ్యిలు వెలుగుతున్నాయో అడిగితే ఎన్ని కుటుంబాలో తెలుస్తుంది.

తాళం వేసి ఉంటే పక్కింటికి వెళ్లవచ్చా?

వద్దు. ఉదయం 11కి తలుపు తీసేది ఇంట్లో ఉండే ఆడవాళ్లు, పెద్దవాళ్లు. తాళం వేసిన ఇల్లు ఇద్దరూ పనికి వెళ్లే ఇల్లు. తాళం కనిపించినప్పుడల్లా పక్కింటికి జరిగితే నగరంలో ఉద్యోగం చేసే ఆడవాళ్ల శాతం మీ డేటాలో దానంతటదే పడిపోతుంది. అదే ఇంటికి మూడుసార్లు వెళ్లాలి, ఒకటి సాయంత్రం 6 తర్వాత, ఒకటి ఆదివారం. అప్పటికీ దొరకకపోతే ‘దొరకలేదు’ అనే రాయండి. గేటెడ్ కమ్యూనిటీలకు రెసిడెంట్ సంఘం కార్యదర్శికి వారం ముందే ఉత్తరం ఇవ్వాలి. సెక్యూరిటీ దగ్గర వాదించి లోపలికి వెళ్లినవాళ్లెవరూ లేరు.

అప్పుల ప్రశ్నకు అందరూ ‘లేదు’ అంటున్నారు. ఎందుకు?

ప్రశ్న తప్పు కాబట్టి. ‘అప్పు’ అనే మాటకు మన దగ్గర పరువుతో ముడి ఉంది. పైగా జనం అప్పు అనుకునేది వేరు, ఆర్థికశాస్త్రం అనుకునేది వేరు. గుమ్మం దగ్గర సాగే తీరు ఇది:

‘అక్కా, మీ ఇంట్లో ఎవరికైనా అప్పులున్నాయా?’
‘లేవమ్మా.’
‘బంగారం ఎక్కడైనా పెట్టారా?’
‘ఆ, గాజులు పెట్టినం, పిల్ల ఫీజుకి.’
‘చీటీ వేస్తున్నారా?’
‘వేస్తున్నం.’
‘ఎత్తారా, ఇంకా ఉందా?’
‘పోయిన నెలల ఎత్తినం.’
‘కిరాణా కొట్లో ఖాతా?’
‘అది ఉంటది కదమ్మా, జీతం రాంగనే కడ్తం.’

‘లేవమ్మా’ అన్న ఇంట్లో మూడు అప్పులు తేలాయి. అందుకే జాబితా పేరుపేరునా అడగాలి: బంగారం తాకట్టు, చీటీ, పొదుపు సంఘం, మైక్రోఫైనాన్స్ గ్రూపు, డైలీ ఫైనాన్స్, చేబదులు, జీతం మీద అడ్వాన్స్, కిరాణా ఖాతా, ఫోన్ ఈఎంఐ, ఫోన్ యాప్ లోన్. చీటీ దగ్గర ‘ఎత్తారా’ అన్నది తప్పనిసరి. ఎత్తకముందు అది పొదుపు, ఎత్తాక అప్పు. ఈ ఒక్క ప్రశ్న లేని ఫారంతో పొదుపు, అప్పు రెండూ తారుమారవుతాయి.

వడ్డీ గడి ఇంకో గొయ్యి. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే వందకు నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ఫారంలో ‘వార్షిక వడ్డీ శాతం’ అని గడి ఉంటే సర్వేయర్ అందులో 2 అని కొడతాడు, బ్యాంకు కంటే వడ్డీ వ్యాపారి చవక అని మీ పత్రం తేలుస్తుంది. గడిని రెండుగా విడగొట్టండి: ఎన్ని రూపాయలు, దేనికి. డైలీ ఫైనాన్స్‌కు శాతం అసలు అడగకండి. చేతికి ఎంత వచ్చింది, రోజుకు ఎంత కడుతున్నారు, ఎన్ని రోజులు, ఈ మూడూ రాసుకోండి. 10,000 అని చెప్పి చేతికి 9,000 ఇచ్చి, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటే వినడానికి పది శాతం. బాకీ రోజురోజుకీ తగ్గుతుంది కాబట్టి ఏడాది లెక్కన అది దాదాపు 78 శాతం అవుతుంది.

ఖర్చులు ఎన్ని రోజుల వెనక్కి అడగాలి?

జాతీయ గృహ వినియోగ వ్యయ సర్వే పద్ధతే మంచిది. కూరగాయలు, పండ్లు, నూనె, గుడ్లు, మాంసం 7 రోజులు. బియ్యం, పప్పు, కరెంటు, అద్దె 30 రోజులు. బట్టలు, చెప్పులు, ఫీజులు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, ఫ్రిజ్ లాంటివి 365 రోజులు. అన్నీ ‘నెలకు ఎంత’ అని అడిగితే ఫీజు కట్టిన జూన్‌లో దొరికిన ఇల్లు ధనవంతుల ఇల్లయిపోతుంది.

నెల ఎంపిక కూడా చూడాలి. బోనాల వారంలో మాంసం, రంజాన్‌లో పండ్లు, దసరా ముందు బట్టలు. సర్వే రెండు విడతలైతే రెండూ ఒకే తిథులకు రావు, రంజాన్ అయితే ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఇంటర్వ్యూ తేదీని లెక్కలో వేరుగా పట్టుకోవాలి.

తెలంగాణ పట్టణాల్లో నెలకు 8,978 రూపాయల ఖర్చు అని చదివాం. హైదరాబాద్‌లో అద్దెకే చాలదు కదా?

అది ఇంటికి కాదు, మనిషికి. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వేలో తెలంగాణ పట్టణ సగటు మనిషికి 8,978, గ్రామీణం 5,435. దేశ సగటు పట్టణాల్లో 6,996, గ్రామాల్లో 4,122. నలుగురున్న ఇంటికి నాలుగు రెట్లు, దాదాపు 35,900. పైగా అది హైదరాబాద్ అంకె కాదు, సిద్దిపేట, సూర్యాపేట కూడా అందులో ఉన్నాయి.

2011-12తో నేరుగా పోల్చడంలోనూ జాగ్రత్త కావాలి. అప్పుడు 347 వస్తువులు అడిగారు, 2022-23 నుంచి 405. అప్పుడు ఒక్కసారి వెళ్లారు, ఇప్పుడు మూడు ఫారాలు మూడు నెలల్లో మూడుసార్లు. విడమరిచి అడిగితే ఖర్చు ఎక్కువ గుర్తొస్తుంది. పెరుగుదలలో కొంత జనానిది, కొంత ఫారానిది.

రెడీమేడ్ డేటా ఏది వాడవచ్చు?

కేంద్ర గణాంక శాఖ మైక్రోడేటా పోర్టల్‌లో వినియోగ సర్వే, పీఎల్‌ఎఫ్‌ఎస్ (ఉద్యోగాలు, నిరుద్యోగం లెక్క కట్టే జాతీయ సర్వే) ఇళ్ల స్థాయి ఫైళ్లు ఉచితంగా దొరుకుతాయి. పాత ఫైళ్లలో అంకెలన్నీ గీతల్లేకుండా వరుసగా ఉంటాయి. ఏ గడి ఎన్నో అక్షరం దగ్గర మొదలవుతుందో లేఅవుట్ షీటు చూసి కోయాలి. తర్వాత వెయిట్లు, అంటే శాంపిల్‌లోని ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే అంకెలు. పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో మల్టిప్లయర్ అనే గడిని, సబ్‌శాంపిల్ లెక్క (ఎన్‌ఎస్‌ఎస్), సబ్‌శాంపిళ్లు కలిపిన లెక్క (ఎన్‌ఎస్‌సీ) సమానమైతే 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది ఫైలైతే త్రైమాసికాల సంఖ్యతో మళ్లీ భాగించాలి. వెయిట్లన్నీ కూడి చూడండి. రాష్ట్ర జనాభా దరిదాపుల్లోకి రాకపోతే ఈ మెట్టు దగ్గరే జారారు. 2025 జనవరి నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ డిజైన్ మారింది, నెలవారీ అంచనాలు వస్తున్నాయి. ముందు ఏళ్లతో ఒకే గీతగా గీయకండి.

యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3,000 మంది పిల్లలను వెంబడిస్తోంది. 2,000 మంది 2001-02లో పుట్టినవాళ్లు, 1,000 మంది 1994-95 వాళ్లు. పెళ్లి వయసు, చదువు, పని మీద ఇంత పొడుగు డేటా మన దగ్గర ఇంకోటి లేదనే చెప్పాలి. పల్లె మీద ఆసక్తి ఉంటే పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లలో, ఊరికి 40 ఇళ్లతో మొదలుపెట్టిన సర్వే ఉంది. పాలమూరు ఔరేపల్లి, దోకూరు అందులోవే. కరువొచ్చినప్పుడు ఊరు ఎలా తట్టుకుంటుందన్న దానిపై ప్రపంచమంతా చదివే పత్రాలు ఈ 240 ఇళ్ల లెక్కల నుంచే వచ్చాయి.

సర్వేయర్ ఇంట్లో కూర్చుని ఫారాలు నింపాడో లేదో ఎలా తెలుస్తుంది?

ట్యాబ్‌లో సర్వేసీటీవో, ఓడీకే, కోబో లాంటి సర్వే యాప్ ఏది వాడినా మొదలు, ముగింపు సమయాలు, లొకేషన్ దానంతటవే పడతాయి. గంట పట్టే ఫారం 17 నిమిషాల్లో అయిందంటే అడగాల్సిందే. పది శాతం ఇళ్లకు మరో మనిషి వెళ్లి మారని ప్రశ్నలు నాలుగైదు మళ్లీ అడగాలి: ఎంతమంది ఉంటారు, సొంతిల్లా అద్దా, బండి ఉందా.

పూర్తిగా కల్పించడం కంటే ఎక్కువ జరిగేది వేరు. ‘అప్పు ఉందా’ అంటే ‘ఉంది’ అని కొడితే ఇంకో 14 ప్రశ్నలు తెరుచుకుంటాయని రెండో వారానికి సర్వేయర్లకు అర్థమవుతుంది. అక్కడి నుంచి ‘లేదు’లు పెరుగుతాయి. ప్రతి శుక్రవారం ఒక్కో సర్వేయర్ వారీగా ‘లేదు’ శాతం గీసి చూడండి. పైకి పోతున్న గీత కనిపిస్తే మనిషిని తిట్టకండి, ఫారం తగ్గించండి. రోజుకు ఐదు ఇంటర్వ్యూలు మించితే చివరివి ఎందుకూ పనికిరావు.

ఎథిక్స్ అనుమతి కావాలా?

మనుషులను అడిగే పరిశోధనకు మీ సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, ఫీల్డ్ మొదలయ్యే ముందే. తర్వాత తెచ్చినది చెల్లదు. ఆధార్ నంబర్ అడగకండి, దానితో మీకు పని లేదు. పేరు, ఫోన్, లొకేషన్ ఒక ఫైలులో, జవాబులు ఇంకో ఫైలులో, రెంటినీ కలిపే నంబరు తాళంలో. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పరిశోధనకు మినహాయింపు ఇస్తుంది గానీ, ఆ డేటాతో ఒక వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలు పాటించాలి. ప్రయోగమైతే అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2013లో మొదలుపెట్టిన ప్రయోగాల రిజిస్ట్రీలో ముందే నమోదు చేయండి. ఇరవై ఫలితాలు కొలిస్తే ఏ ప్రభావం లేకున్నా సగటున ఒకటి 5 శాతం గీత (ఫలితం కాకతాళీయం కాదని ఒప్పుకునే హద్దు) దాటుతుంది. ఏది ముఖ్యమో ముందు రాసిపెట్టకపోతే ఆ ఒకటే హెడ్‌లైన్ అవుతుంది.

యూజీసీ కేర్ జాబితా చూసి జర్నల్ ఎంచుకోవచ్చా?

యూజీసీ నమ్మదగ్గవని గుర్తించిన జర్నళ్ల జాబితా అది, 2025 ఫిబ్రవరిలో నిలిపివేశారు. ఇప్పుడు మీరే చూసుకోవాలి. వారంలో అంగీకారం, ముందే ఫీజు, ఎడిటర్లకు సంస్థ ఈమెయిల్ లేకపోవడం, ఈ మూడూ కలిస్తే వదిలేయండి.

ఫారం తెలుగులో చాలా?

పాతబస్తీ, టోలీచౌకి, మల్లేపల్లి వైపు చాలదు. ఉర్దూ ఫారం కూడా కావాలి, అదీ ఇక్కడి దక్కనీలో. పుస్తకం ఉర్దూలో ‘కర్జ్’ అని అడిగితే పైన చెప్పిన ‘లేవమ్మా’ జవాబే వస్తుంది. ఒకరు తెలుగు నుంచి దక్కనీలోకి, ఆ తెలుగు చూడని ఇంకొకరు దక్కనీ నుంచి తిరిగి తెలుగులోకి మార్చాలి. రెండు తెలుగు ఫారాలూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ప్రతి వాక్యాన్నీ శాంపిల్‌లో లేని పది ఇళ్లలో అడిగి చూశాకే ట్యాబ్‌లోకి ఎక్కించండి. ఆడవాళ్ల విభాగం అడగడానికి ఆడ సర్వేయర్లు ఉండాలి, బట్టీ పట్టకుండా మాట్లాడగలిగినవాళ్లు. నోటీసు వేసిన వారంలో దొరకరు, నెల ముందే వెతకడం మొదలుపెట్టండి.